తుడిచిన కిటికీ

మధుమిత అమ్మణి బొమ్మలు వేసేదానికి ఊళ్ల మీదికి పోతే, గొడుగూ నీళ్ల బుడ్డీ మోసేది నేను. ఆర్.ఎస్. పురంలో ఆమె ఇంట్లో వంట చేస్తూ తొమ్మిదేండ్లు అయింది. ఆమెకు పాత చెక్క కొట్టాల బొమ్మలు వేసేదంటే పిచ్చి.

ఆ సాయంత్రం పొల్లాచ్చి పక్కన ఒక కొబ్బరితోపుకు పోతిమి. నడుమ కొబ్బరి ఎండబెట్టే కొట్టం, తాళం తుప్పు పట్టి ఉండింది. మబ్బు కమ్మింది. గాలి లేదు. కుళ్లిన పీచు వాసన.

అమ్మణి కాగితం మీద ఆ కొట్టం చెక్కలన్నీ లేత రంగులో దిద్ది, కిటికీని మాత్రం నల్లగా నింపింది. అది ఎండేలోపల కారు దగ్గర చింతపండన్నం తిన్నాము. చెయ్యి కడుక్కుని ముందుగా వచ్చింది నేనే.

కాగితం మీది కిటికీలో తెల్లటి మచ్చ. నీళ్ల రంగు కదా, ఎండినా తడి వేలితో రుద్దితే ఊడొస్తుంది.

"వళ్లక్కా, తాకినావా?"

"లేదు అమ్మణీ."

"మరి కాకి వచ్చి తుడిచిందా?"

వేళ్లు చూపించినాను. రంగు లేదు.

"కడుక్కునే కదా వచ్చినావు," అనింది. మళ్లీ నలుపు వేసింది. "ఇంకోసారి ఇట్లా అయితే రేపటి నుంచి పనికి రావద్దు."

నా రెండు చేతులూ తన ఒడిలోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. ఇద్దరం కాగితాన్నే చూస్తూ కూర్చున్నాము. చిమ్మెటల అరుపు ఆగిపోయింది.

లోపలి నుంచి ఎవరో తుడిచినట్టు నలుపు కదిలింది...

నుదురంత తెలుపు... పక్కన ఒక చెవి...

"నువ్వు కాదు," అనింది అమ్మణి.

కొట్టం వైపు చూసినాను. అసలు కిటికీ నల్లగానే ఉంది.

బొమ్మను అక్కడే వదిలేసి కారెక్కినాము. దారంతా అమ్మణిది ఒకటే మాట. "మన్నించక్కా. రేపు తప్పకుండా రా." నా పని పోలేదు.

కినత్తుకడవు ఊరు దాటినాక చూసినాను. నా పక్కన కారు తోలుతున్న అమ్మణి తెల్ల చుడిదారు ఎడమ భుజం మీద, వీపు వైపు నుంచి, నాలుగు వేళ్ల గుర్తులు. అదే నలుపు. ఇంకా తడిగా...

చెప్తే మళ్లీ నన్నే అనుమానిస్తుంది. కళ్లు రోడ్డు మీదికి తిప్పుకున్నాను. వెనక సీటు వైపు తిరగలేదు.

ఇల్లు చేరినాము. ఆమె దిగి తలుపు మూసింది. నేను దిగి నా తలుపు మూసినాను. అమ్మణి పోయి ఇంటి తాళం తీసి, వాకిలి బార్లా తెరిచింది.

నా వెనక, కారు మూడో తలుపు మెల్లగా మూసుకుంది.