పాడుపెట్టిన ఇంట్లో మూడు కాపీలు

పొద్దుటూరులో కెమెరాలు పెట్టేవాడికి పని కరువు లేదు. షోకుకు పెట్టించుకునేవాళ్లు కొందరు, ప్రాణభయంతో పెట్టించుకునేవాళ్లు శానామంది. నా పేరు జియావుల్లా. బజారు సందులో చిన్న షాపు నాది. నడుము నొప్పితో నిచ్చెన ఎక్కలేను, అయినా ఎక్కుతాను. ఎలక్షన్లు దగ్గర పడితే ఇంక నాకు అన్నం తినే తీరిక ఉండదు. ఈ పార్టీలో ఉన్నోడు ఆ పార్టీలోకి దూకుతాడు, దూకిన రోజే ఇంటికి నాలుగు మూలలా కెమెరాలు కావాలంటాడు. నాకు విసుగొచ్చేసింది. ఎవుడు ఏ కండువా వేసుకుంటే నాకేంది?

కెమెరా బిగించడం పెద్ద పని కాదు. అది చూసింది యాడ దాచాలన్నదే అసలు పని. ఇంట్లో ఒక మూల కంప్యూటర్ పెట్టి, దాంట్లో పెద్ద హార్డ్ డిస్కులు వేసి, కెమెరా వీడియోలు, పిల్లల ఫోటోలు, పొలం కాగితాలు అన్నీ దాంట్లోకే పోయేటట్లు చేస్తాను. దాన్నే సర్వర్ అంటాం. ప్రతి ఇంట్లోనూ ఒకటే పాట పాడతాను. "మూడు కాపీలు ఉండాలప్పా. ఒకటి సర్వర్లో, ఒకటి వేరే డిస్కులో, ఒకటి ఇంకో ఊర్లో. ఇల్లు తగలబడినా మూడోది మిగుల్తాది." చెవిటోడి ముందు శంఖం ఊదినట్లే. ఒక్కడు విని చేసినోడు లేడు.

పెద్దముడియం అవతల పల్లెలో మాజీ సర్పంచి రంగయ్య మామ అయితే నా మీద కోప్పడినాడు కూడా.

"నా ఇంటి గుట్టు ఇంకొకని ఇంట్లో పెడతావా సాయిబూ? రేపు వాడు పార్టీ మారితే ఏం జేస్తావు? నా ఇంట్లోది గడప దాటకూడదు."

సరే మామా అని, డిస్కులన్నీ ఆయన చెప్పిన గదిలోనే పెట్టి వచ్చినాను. శనగమూటలు వేసుకునే కొట్టు వెనక గది అది. కిటికీ ఉంటే బాంబు వేస్తారని, ఉన్న కిటికీని ఆయన ఎప్పుడో ఇటుకలతో పూడ్పించేసినాడు.

ఎండాకాలం మొదట్లో రంగయ్య మామను సొంత గేటు ముందరే నరికేసినారు. పట్టపగలు.

ఆయన పోయిన గడియ చెడ్డ నక్షత్రంలో పడింది. అట్లాంటప్పుడు మా దిక్కు ఇల్లు పాడుపెడతారు. ఆర్నెల్లు ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదు, దీపం పెట్టకూడదు, తలుపు తీయకూడదు. తీస్తే ఇంకొక శవం లేస్తాదని భయం. దినాలు కాగానే ఇంటోళ్లు తాళం వేసి, ఉన్నవి ఉన్నట్లే వదిలి, జమ్మలమడుగులో అద్దె ఇంటికి పోయినారు. మెయిన్ స్విచ్ కూడా ఎవరూ ఆపలేదు. ఇల్లు తెరవాల్సి వస్తాదని, కెమెరాలు చెడిపోయినాయని పోలీసులకు చెప్పేసినారు.

కేసు మాత్రం గట్టిగా పెట్టినారు. ఈడ కేసు పెట్టడమంటే నరికినోళ్ల పేర్లు రాయడం ఒకటే కాదు, ఎదురు పార్టీలో గడ్డం మొలిచిన ప్రతివాడి పేరూ రాయించడం. ఆ వరసలో గొర్రెలు కాచుకునే సిద్దయ్య పేరు కూడా రాయించినారు. చొక్కా నిండా రక్తంతో దొరికినాడు గదా, ఇంకేం సాక్ష్యం కావాల?

సిద్దయ్య పెండ్లాం బాలనాగమ్మ నా షాపు మెట్ల మీద కూర్చొని ఆ సంగతే చెప్పింది.

"అందరూ తలుపులు మూసుకుంటే మా ఆయనొక్కడే పోయి రంగయ్యను ఒళ్లో పండబెట్టుకున్నాడన్నా. పానం పోయేదాకా ఆడనే కూర్చున్నాడు. ఆ కెమెరాల్లో అంతా ఉంటాది గదా?"

ఉంటాది. కానీ ఎక్కువ రోజులుండదు. ఆ సర్వర్ నిండగానే పాత వీడియోలను తానే చెరిపేసుకొని వాటి మీద కొత్తవి రాసుకుంటాది. అంటే ఖాళీ ఇంటి వీడియో వచ్చి సిద్దయ్య ప్రాణాన్ని చెరిపేస్తాది. లెక్క చూసుకుంటే గడువు దగ్గరికి వచ్చేసింది. 

జమ్మలమడుగు పోయి రంగయ్య మామ భార్య సుబ్బరత్నమ్మను అడిగినాను.  ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

"సిద్దయ్య తప్పు లేదని నాకు తెలుసు నాయనా. నేను చెప్తే మావాళ్లు వింటారా? ఆ తలుపు మేం తీయకూడదు. మీకు మా నక్షత్రాలు లేవు గదా, నువ్వు తీస్తే తీసినట్లు కాదు. దీపం మాత్రం పెట్టొద్దు. వచ్చేటప్పుడు పోయొస్తానని చెప్పొద్దు."

నాక్కూడా ఆ మాట నచ్చింది. నక్షత్రాలు నావి కావు, ఆ భయం నాది కాదు అనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం పోయినాను. పొద్దుగూకినాక ఆ ఇంటి దిక్కు పోయే ధైర్యం నాకు లేదు, చెప్పుకోడానికి సిగ్గూ లేదు. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. తాళం తీసి, లోపలికి పోయి, ఎవరైనా చూస్తారేమోనని తలుపుకు గడియ పెట్టుకున్నాను.

బయట అంత ఎండ, లోపల కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. గోడ పట్టుకొని నడిచినాను. శనగదుమ్ము, ఎలుకల కంపు, వాటి కింద ఎప్పుడో ఆరిపోయిన ఊదుబత్తి వాసన. కొట్టు దాటి వెనక గదిలోకి పోతే సర్వర్ ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినిపించింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో అదొక్కటే మేలుకొని ఉంది. స్క్రీన్ వేసినాను. వెలుతురు చూసి కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ రోజు వీడియో ఇంకా ఉంది. చూసినాను. చూడకుండా ఉంటే బాగుండు. నరికినోళ్లు మొహాలకు గుడ్డలు కట్టుకున్నారు, పని కానిచ్చుకొని పోయినారు. తర్వాత గొర్రెలు వచ్చినాయి. వాటి వెనకాల సిద్దయ్య. కట్టె పారేసి పరిగెత్తినాడు. రంగయ్య మామ తలను ఎడమ తొడ మీద పెట్టుకొని, తువ్వాలతో మెడ అదిమిపట్టి, వీధి దిక్కు చూసి అరుస్తాండాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇట్లాంటోన్ని జైల్లో పెట్టినారే అనిపించింది.

మూడు చిన్న డిస్కులు తెచ్చుకున్నాను. మూడూ తగిలించి కాపీ పెట్టినాను. సగం కూడా కాలేదు, కరెంటు పోయింది.

సర్వర్‌కు బ్యాటరీ ఉంది, అది ఆగలేదు. స్క్రీన్ ఆరిపోయింది. సెల్లు లైటు దీపం కిందికి వస్తాదో రాదో నాకు తెలీదు. ఎందుకొచ్చిన గొడవలే అని వెయ్యలేదు. చీకట్లో చిన్న పచ్చలైటు మిణుకుమిణుకుమంటాంటే, కాపీ నడుస్తాందని తెలుసుకుంటా కూర్చున్నాను. చెమట కారిపోతాంది. నడుము లాగుతాంది. పొద్దున్నుంచి తిండి లేదు. కండ్లు మూతలు పడినాయి.

ఎప్పుడొచ్చిందో... ఆముదం వాసన. తలకు పట్టించుకొని ఎండలో నుంచి వచ్చిన మనిషి పక్కన నిలబడితే వస్తాది చూడండి, అది.

"అయిందా?"

మెల్లగా, గొంతు పెగలనట్లు. షాపులో పొద్దస్తమానం నేను వినేది ఆ ఒక్క మాటే. ఎవరడిగినారని తలెత్తి చూడను. నోరే జవాబు చెప్పేస్తాది.

"అయిపాయ. ఇంకొంచెం ఉంది."

"ఎన్ని తీస్తాండావు?"

"మూడు."

"యాడ పెడతావు?"

"ఒకటి పొద్దుటూరులో మా ఇంట్లో. ఒకటి జమ్మలమడుగులో వనజమ్మ లాయరు దగ్గర. ఒకటి సిద్దయ్య గుడిసెలో."

చెప్పినాక... అప్పుడు తట్టింది.

గడియ నేనే పెట్టినాను. లోపలి నుంచి.

కదల్లేదు.  ఫ్యాను తిరుగుతాంది. దాని వెనక ఇంకొక శబ్దం... తడిగా... తెగిన గొట్టంలో నుంచి గాలి పోయినట్లు. నా చెవికి దగ్గరగా.

"మంచిది సాయిబూ."

ఆ ఊర్లో నన్ను సాయిబూ అని పిలిచేవాడు ఒక్కడే.

డిస్కులు ఎట్లా పీకినానో, గడియ ఎట్లా తీసినానో గుర్తు లేదు. గేటు బయట ఎండలో నిలబడితే పండ్లు కొట్టుకుంటాండాయి. సుబ్బరత్నమ్మ చెప్పినట్లే పోయొస్తానని చెప్పలేదు. కానీ యాడికి పోతాండానో మూడు అడ్రసులూ చెప్పి వచ్చినాను.

వనజమ్మ సిద్దయ్య లాయరు. పెద్ద పార్టీలోళ్ల కేసులు పట్టకుండా, బీదాబిక్కీ కేసులతో అరిగిపోయిన మనిషి. ఆమె ఆ వీడియోను జడ్జి ముందర వేసి చూపించింది. సిద్దయ్యకు బెయిలొచ్చింది. విచారణ రోజుకు వీడియోను కోర్టులో దాఖలు చేయమన్నారు. బాలనాగమ్మ మా ఇంటికి వచ్చి నా భార్య ఖమ్రున్నీసా చేతులు పట్టుకొని ఏడ్చింది. నేను నా మూడు కాపీల పాట మళ్లీ పాడి, ఒక డిస్కు ఆమె చేతికిచ్చినాను. పెట్టెలో భద్రంగా దాచుకోమన్నాను.

కొన్నాళ్లకు ఆమె ఆ డిస్కు తీసుకొని మళ్లీ షాపుకొచ్చింది. మనిషి సగమైపోయింది.

"దీంట్లో ఏముందో సూడన్నా. ఇది ఇంట్లోకొచ్చినకాడ్నుంచి ఆయన పండుకోడు. కాళ్లు చాపుకొని గోడకానుకొని కూర్చుంటాడు. కదులు సామీ అంటే, లేస్తాడే, నిద్రపోతాండాడు అంటాడు."

"ఎవరు?"

ఆమె డిస్కు నా చేతిలో పెట్టింది.

డిస్కు తగిలించినాను. అదే వీధి, అదే గేటు. శవాన్ని తీసుకుపోయినారు. వీడియో ఆడికి అయిపోవాల. నేను కోసింది ఆడికే. కానీ నడుస్తానే ఉంది. వీధి నల్లబడింది. తర్వాత గుడిసె బోదకప్పు కనిపించింది... కింద నుంచి. బోదకప్పు కింద సిద్దయ్య మొహం. పై నుంచి వంగి చూస్తాండాడు. ఒళ్లో తల పెట్టుకున్నోడికి ఎట్లా కనపడతాదో అట్లా. సిద్దయ్య చెయ్యి వచ్చి, జోకొడతాంది.

ఆ గుడిసెలో కెమెరా లేదు. కరెంటే లేదు.

ఇంటికి పరిగెత్తి నా డిస్కు చూసినాను. వీధి అయిపోయినాక మా వంటిల్లు వచ్చింది. ఖమ్రున్నీసా బియ్యంలో రాళ్లు ఏరుకుంటాంది. తలెత్తి, గడపలోకి చూసి, ఎవరికో కుర్చీ చూపించి మళ్లీ ఏరుకుంటాంది. ఎవరొచ్చినారని ఆమెను అడగడానికి నాకు నోరు రాలేదు. వనజమ్మకు ఫోన్ చేసినాను.

"నాది నేను ఎప్పుడో చూసినాను," అనింది ఆమె. "నా టేబులే కనపడతాంది. వీడియో రోజూ కొంచెం పొడుగవుతాంది. ఎవరికి చెప్పుకోమంటావు?"

మరుసటి రోజు ముగ్గురం ఆమె ఆఫీసులో కూర్చున్నాం. బాలనాగమ్మ ఒకటే మాట మీద ఉంది.

"చెరిపేయండి. మూడూ."

"చెరిపితే విచారణలో చూపించేదానికి ఏమీ ఉండదమ్మా," అనింది వనజమ్మ. "బెయిలు తీసేస్తారు. మళ్లీ లోపలికి పోతాడు. శిక్ష కూడా పడొచ్చు."

"పోనీయమ్మా. జైల్లో ఒక్కడే ఉంటాడు గదా."

ఆమె నోటి నుంచి ఆ మాట వస్తాదని నేను అనుకోలేదు. మొగున్ని బయటికి తెమ్మని నా మెట్ల మీద కూర్చున్న మనిషే ఆమె. నా వృత్తిలో చెరపడమంత పాపం ఇంకొకటి లేదు. అయినా నా చేత్తోనే మూడు డిస్కులూ తుడిచినాను. ఒకసారి తుడిస్తే ఎవరైనా మళ్లీ తీయొచ్చు, అందుకని మళ్లీ మళ్లీ తుడిచినాను. వాటిని సుత్తితో కొట్టి, ముక్కలు పెన్నలో వేసినాం. రంగయ్య మామ ఇంట్లో ఉన్నది అప్పటికే చెరిగిపోయి ఉంటాది, గడువు దాటింది. ఇంటికి పోతాంటే భయం తగ్గింది కానీ, నా మీద నాకే అసహ్యం వేసింది.

అనుకున్నట్లే అయింది. వాయిదా రోజు చూపించడానికి ఏమీ లేక వనజమ్మ తల వంచుకొని నిలబడింది. సిద్దయ్యను మళ్లీ తీసుకుపోయినారు. నెల తిరక్కముందే రెండు పార్టీలోళ్లూ రాజీ అయి ఒకే కండువా వేసుకున్నారు, పెద్దోళ్లంతా బయటికొచ్చినారు. సిద్దయ్య కోసం రాజీకి వచ్చినోడు ఎవడూ లేడు. మా ఇంట్లో మాత్రం అంతా మామూలైపోయింది.

పోయిన వారం బాలనాగమ్మ జైలుకు పోయి మొగున్ని చూసి, వస్తా వస్తా నా షాపు కాడ ఆగింది. మొహం తేటగా ఉంది. కుర్చీ వేసి, టీ తెప్పించినాను.

"ఎట్లుండాడు?"

"బాగుండాడన్నా. మనం మంచి పనే చేసినాం. బువ్వ తింటాండాడంట. గదిలో ఒక్కడే అంట, ఏ గొడవా లేదంట." టీ ఊదుకొని ఒక గుక్క తాగింది. "ఎడమ తొడే తిమ్మిరెక్కి సచ్చుబడిపోతాందంట. రాత్రంతా కదపడానికి లేదంట. ఏదన్నా మాత్ర ఉంటే చెప్పన్నా, ఈసారి పోయినప్పుడు ఇచ్చొస్తా."

మందుల షాపులో అడిగి చెప్తాలే అన్నాను. ఆమె టీ తాగి, బస్సుకు టైమైందని లేచిపోయింది.

జైలు అడ్రసు నేను చెప్పలేదు.