పద్దెనిమిది దగ్గర ఆగిన కాలు

"ఇంకా గట్టిగా తన్ను వెంకీ!"

"తంతన్నాను కదా మేడం!"

విశాలి చేతిలోని చిన్న మిషన్ మళ్ళీ పద్దెనిమిది కిలోలే చూపించింది. బల్ల మీద కూర్చుని కాలు ముందుకు తంతే తొడ కండకు బలం ఎంతుందో చెబుతుందది. ఆమె దాన్ని అతని చీలమండ పైన ఆనించి రెండు చేతులతో అదిమి పట్టుకోవాలి. కాలు ఆమె వేళ్ళకు తగిలిందంటే చాలు, వెంకీ చటుక్కున వంగి ఆమె చేతిని తాకి కళ్ళకద్దుకుంటాడు.

"ఇది గుడి కాదు, ఫిజియోథెరపీ!" అని కసిరేది విశాలి. కసిరాక నవ్వు ఆపుకోవడం కష్టమయ్యేది.

అలల్లో పడవ తిరగబడి మోకాలు దెబ్బతిన్నాక నాలుగు నెలలుగా కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వస్తున్నాడతను. సముద్రంలో వేట నిషేధం తీరడానికి మూడు రోజులే ఉంది. కాలు బాగుందని విశాలి సంతకం చేస్తేనే ఎర్రన్న తన బోటు ఎక్కనిస్తానన్నాడు. లేకపోతే వెంకీ జాగాలోకి ఇంకొకడు వస్తాడు.

"సంతకం పెట్టలేను వెంకీ."

అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట విశాలికి అన్నం సహించలేదు.

మర్నాడు, ఇంకొక్కసారి చూద్దామని మిషన్ సంచిలో వేసుకుని కళింగపట్నం బస్సెక్కింది. తీరంలో ఆరుగురు బోటును తోస్తున్నారు. అందరికంటే ముందు వెంకీ! మడమలు ఇసుకలో దిగేసి, భుజం ఆనించి ఒక్క ఊపు ఊపాడు. బోటు కదిలింది. ఎంత బాగున్నాడో అనుకుంది విశాలి. మరుక్షణమే ఒళ్ళు మండింది.

"ఈ కాలికి పద్దెనిమిది కిలోలా? పద ఇంటికి!"

వీధి బల్ల మీద కూర్చోబెట్టి, మిషన్‌ను అతని కాలికి ఆనించి, పైనుంచి వల తాడు చుట్టి బల్ల వెనక కోడుకు బిగించింది.

"ఇప్పుడు నా చేతుల్లేవు. తన్ను!"

నలభై ఎనిమిది! బాగున్న కాలికి యాభై రెండు.

"ఏటిది వెంకీ?"

"ఆడోళ్ళకి కాలు తగిల్తే పాపం మేడం..."

"నేను సెలవు పెట్టిన రోజు నా బదులు మిషన్ పట్టిన అనితకి ముప్పై అయిదు వచ్చింది. తను సరిగ్గా పట్టలేదనుకున్నాను. అప్పుడు లేదా పాపం?"

గుమ్మంలో చేపలు కడుగుతున్న వెంకీ నాయనమ్మ పకపకా నవ్వింది.

"ఆ పిల్ల ఏరు, నువ్వు ఏరమ్మా! మేడం సెయ్యి సన్నం, గట్టిగా తంతే నొప్పెడతాదని రోజూ ఇదే పాట!"

"బోటు పోతుందని తెలిసి కూడానా?" అంది విశాలి.

"బోటు ఇంకోటి దొరుకుతాది మేడం."

విశాలి కళ్ళు తుడుచుకుని కాగితం మీద సంతకం పెట్టింది. "వేట నుంచి రాగానే ఇంకో టెస్టుంది. మా నాన్నగారి ముందు నిలబడాలి. ఆయన సంగీతం మాస్టారు. తాళం తప్పితే ఎవర్నీ ఒదలరు."

"ఆయన ముందా?" వెంకీ మోకాళ్ళు పట్టుకున్నాడు. "అప్పుడు రెండు కాళ్ళూ వణుకుతాయి మేడం!"

"వణకనీ, పక్కన నేనుంటాను. ఇక మేడం అనకు."