గాల్లో చక్రం, గట్టు మీద ఇంద్రజ

మూడు చక్రాలు నేల మీద, నాలుగోది గాల్లో, ఇంద్రజ కోపం దానికి రెండడుగులు పైన!

రొయ్యల చెరువుకి వెళ్ళే గట్టు వానకి కోసుకుపోయి, గట్టితనం పోయి, పేరుకే గట్టుగా మిగిలింది. జీపు ముందు కుడి చక్రం దిబ్బెక్కి కూర్చుంది. ఎడమది గుంటలోకి దిగకుండా గాల్లో గిరగిరా తిరుగుతోంది. వెనక అట్టపెట్టెల్లో, ఆక్సిజన్ నింపిన సంచుల్లో లక్ష రొయ్య పిల్లలు. గంటలో చెరువు చేరకపోతే అవి చేరేది పరలోకమే! అది ఇంద్రజ సొంతంగా చేస్తున్న మొదటి సాగు. పిల్లలు చస్తే చెరువు మళ్ళీ నాన్నగారు జగపతిరాజు చేతుల్లోకి పోతుంది.

"ఏంటండీ ఇది లోకనాథ్ గారూ? వారం క్రితమేగా ఏదో కొత్త సామాను బిగించారు!"

లోకనాథ్ పక్క సీట్లోంచి దూకాడు. నరసాపురంలో పడవ ఇంజన్లతో మొదలెట్టి జీపుల దాకా ఎక్కిన మెకానిక్. ట్రయల్ చూస్తానని వచ్చాడు. చూడ్డానికొచ్చింది జీపుని కాదని జీపుకీ తెలుసు.

"విప్పేది బిగించానండి. మీరు విప్పలేదు."

"కవిత్వం ఆపి తెలుగులో చెప్పండి!"

"ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ ఉందండి, స్వే బార్. హైవే మలుపులో బండి ఒరగనివ్వదు. ఇక్కడ మాత్రం ఒకడు పైకెక్కితే రెండోవాణ్ణి కిందికి దిగనివ్వదు. అందుకే డిస్‌కనెక్ట్ పెట్టాను. పిన్నులు లాగేస్తే ఎవరి దారి వాళ్ళదే!"

వంగి చూశాడు. పిన్ను కనపడలేదు. పసుపు తాడుంది, ముప్పై చుట్లు, పైన కుంకుమ బొట్టు.

"ఇదేంటండీ?"

"వాహన పూజండీ. కొత్త సామాను కదా, దానిక్కూడా చేశాం. ఊడిపోతుందేమోనని నాన్నగారే కట్టారు."

"ఊడటమే దాని ఉద్యోగమండీ బాబూ! రెండోవైపు కూడానా?"

"ఆయన సగంలో వదిలే మనిషా?"

నాన్నగారు కళ్ళు మూసుకుని, దణ్ణం పెట్టి కట్టిన తాడు. ఇంద్రజ సంచుల వైపు చూసింది. చురుగ్గా తిరిగే పిల్లలు అడుక్కి చేరుతున్నాయి.

"కోసెయ్యండి. ఆయనకి నేను చెప్పుకుంటాను."

తాళ్ళు తెగాయి. పిన్నులు కదల్లేదు, మెలిపడ్డ కడ్డీ వాటిని పట్టేసింది. ఇంద్రజ మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంది.

"ఇంచి వెనక్కండీ... చాలు, చాలు, చాలు!"

లాగాడు. టప్! అవతలిది కూడా టప్!

గాల్లో చక్రం గుంటలోకి జారి బురదని కరిచింది. జీపు ముసలి గేదెలా ఒళ్ళు విరుచుకుని, ఊగి, మూలిగి గట్టెక్కింది. ఇంద్రజ వేసిన కేకకి కొంగలన్నీ లేచిపోయాయి.

చెరువు చేరగానే సంచులు నీళ్ళలో తేలేశారు. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికొచ్చేదాకా మూతులు విప్పకూడదు. అరగంట. చేసే పనేం లేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో ఇద్దరూ, పైన సన్నటి వాన.

"ఇందాక ట్రయల్ అన్నది అబద్ధమండీ," అన్నాడు లోకనాథ్ సంచులకి చెబుతున్నట్టు. "మిమ్మల్ని చూద్దామనే వచ్చాను."

"తెలుసండీ. ట్రయల్‌కి ఎవరైనా ఇస్త్రీ చొక్కా వేసుకొస్తారా?"

అరగంట అయింది. మూతి విప్పితే పిల్లలు చిటపటా ఈదుకుంటూ పోయాయి. ఇంద్రజ కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ చేసింది.

"నాన్నగారూ, బతికాయి! మీ పూజ తాడు మాత్రం కోయించేశాను. లోకనాథ్ గారిని భోజనానికి తీసుకొస్తున్నాను."

అవతల జగపతిరాజు గొంతు సవరించుకున్నారు.

"భోజనానికేనా అమ్మా?"

ఇంద్రజ ఫోన్లోనే నవ్వేసింది. లోకనాథ్ ఇస్త్రీ చొక్కా సర్దుకున్నాడు.

"అయితే," అన్నారు జగపతిరాజు, "వాళ్ళ అమ్మగారిని కూడా తీసుకురమ్మను."