తల ఉంచు, తోక వద్దు

తన నవలని ఎవరో దొంగిలించారని నాగదుర్గకి తెలిసింది ఉదయం ఏడుంపావుకి.

నరసాపురంలో గోదావరి గట్టుకి దగ్గర్లో ఆవిడ ఇల్లు. వరండాలో కూర్చుని కాఫీ తాగుతోంది. హేమశ్రీ గేటు తోసుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. హేమశ్రీకి బజార్లో డీటీపీ షాపు ఉంది. నాగదుర్గ నవలలు టైపు చేసేది ఆమే.

"మేడం, ఒకసారి ఇది వినండి," అంటూ ఫోన్ బల్ల మీద పెట్టింది.

ఆడియో కథల యాప్. నవల పేరు 'గోదారి నీడ'. రచయిత నిశాంత్. ఎవరో మగమనిషి గంభీరంగా చదువుతున్నాడు.

"తెల్లారకముందే పంటు రేవు వదిలింది. ఎక్కినవాళ్ళు తొమ్మిదిమంది. అవతలి గట్టున దిగినవాళ్ళు ఎనిమిది."

నాగదుర్గ కప్పు కింద పెట్టింది. ఆ వాక్యాలు తనవి. ఇంకా అచ్చుకాని 'ఆఖరి పంటు' నవలలో మొదటి వాక్యాలు.

"ఎప్పట్నుంచి వస్తోంది?"

"నెల అయిందటండి. చాలామంది వింటున్నారు. నిశాంత్ ఎవరో ఎవరికీ తెలీదు. ఫొటో కూడా లేదు."

నాగదుర్గ ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ వింటూ కూర్చుంది. అక్కడక్కడా మాటలు మారాయి. తన ఇన్‌స్పెక్టర్ పార్వతి పోయింది. ఆమె స్థానంలో ఇన్‌స్పెక్టర్ ప్రతాప్ వచ్చాడు. మిగతాదంతా తనదే.

ఒక్కచోట తప్ప.

తొమ్మిదో ఎపిసోడ్. పంటు మీద ముఠా నాయకుడు అనుచరుడి వైపు తిరుగుతాడు. చల్లగా అంటాడు: "తల ఉంచు. తోక వద్దు. ముక్కలు పెద్దవి కొట్టు."

"ఇది నేను రాయలేదు," అంది నాగదుర్గ.

"కింద కామెంట్లన్నీ ఆ డైలాగ్ గురించేనండి. ఒళ్ళు జలదరించిందంట."

నాగదుర్గ ఆ మాటల్ని మళ్ళీ పెట్టించుకుని వింది. ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో మాత్రం గుర్తు రాలేదు.

*

నాగదుర్గది చేపలు పట్టే కుటుంబం. తండ్రి వలలు బాగుచేసుకుంటుంటే పక్కన కూర్చుని మొదటి డిటెక్టివ్ నవల రాసింది. అప్పటికి ఆవిడకి ఇరవై నిండలేదు. ప్యాసింజర్ బండి ఎక్కి రాజమండ్రి వెళ్ళి పబ్లిషర్ చేతిలో పెట్టింది. ఆయన చదివి బాగుందన్నాడు. ఆడపేరుతో డిటెక్టివ్ నవల ఎవరూ కొనరు, మగపేరు పెట్టుకోమన్నాడు. లేకపోతే అత్తాకోడళ్ళ కథలు రాసి తెమ్మన్నాడు.

నాగదుర్గ కాగితాలు తిరిగి తీసుకుని వచ్చేసింది.

మూడు నెలలకి ఆయనే నరసాపురం వచ్చాడు. నవల ఆవిడ పేరుతోనే వేశాడు. తర్వాత అరవైకి పైగా వచ్చాయి. డెల్టాలో అద్దె పుస్తకాల షాపుల్లో ఇన్‌స్పెక్టర్ పార్వతి కోసం ఆడవాళ్ళు వంతులు వేసుకునేవారు. ఆ షాపులు మూతపడ్డాయి. వారపత్రికలు ఆగిపోయాయి. నాగదుర్గ రాయడం ఆపలేదు.

రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మొదట్లో నాలుక కూడా సరిగ్గా తిరగలేదు. అప్పటినుంచి ఫోన్‌లో చెప్పి రికార్డు చేస్తోంది. అది విని హేమశ్రీ టైపు చేస్తుంది. టైపు చేసిన కాగితాలు రాజమండ్రిలో పల్లంరాజుకి వెళ్తాయి. ఆయన పాత పబ్లిషర్ గారి అబ్బాయి.

ఆ పల్లంరాజే మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"మీ నవల ప్రింటింగ్ ఆపేశానండి."

"ఎందుకు?"

"ముందొచ్చింది నిశాంత్ నవల కదండీ. మీ కాగితాలు నాకందింది ఆ తర్వాతే. రేపు మనమే కాపీ కొట్టామంటారు."

"నేను నిరుడే చెప్పడం పూర్తి చేశాను. రికార్డింగులున్నాయి."

"మీ మేనల్లుడు సురేంద్రని అడిగానండి. ఆ ఫైళ్ళ మీద ఈ నెల తేదీలే ఉన్నాయంట."

నిజమే. పదిరోజుల కిందటే సురేంద్ర కొత్త ఫోన్ కొనిచ్చాడు. పాత ఫోన్‌లోంచి ఫైళ్ళు మార్చినప్పుడు అన్నిటికీ ఆ రోజు తేదీయే పడింది. పాత ఫోన్ అతనే పట్టుకెళ్ళాడు. హేమశ్రీ టైపు కాగానే ఆడియో తీసేస్తుంది. టైపు ఫైలు దిద్దిన ప్రతిసారీ తేదీ మారిపోతుంది.

పల్లంరాజు గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకండి. జబ్బు చేసిన తర్వాత జ్ఞాపకం కాస్త అటూ ఇటూ అవుతుందంట. మీరు ఆ కథ విని, మీదే అనుకున్నారేమో."

నాగదుర్గ ఫోన్ పెట్టేసింది. కోపం ఒక్కటే అయితే ఆవిడ ఓర్చుకునేది. భయం కూడా వేసింది. ఒకవేళ నిజంగానే అలా జరిగిందా?

సాయంత్రం ఎస్సై ఏసుపాదం దగ్గరికి వెళ్ళింది. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"అందులో మీరు రాయని మాటలు కూడా ఉన్నాయంటున్నారు కదండీ?"

"ఉన్నాయి."

"మరి అది వాళ్ళదేనని మీరే ఒప్పుకుంటున్నట్టు కాదాండీ?"

ఆయన కంప్లైంట్ మాత్రం రాయించుకున్నాడు. యాప్ వాళ్ళకి నోటీసు పంపుతానన్నాడు.

*

ఆదివారం సురేంద్ర వచ్చాడు. నాగదుర్గ తమ్ముడి కొడుకు. రాజమండ్రిలో కంప్యూటర్ లెక్చరర్. చక్కెర లేని బిస్కెట్లు, బీపీ మాత్రలు తెచ్చాడు.

"అత్తా, ఇంక వదిలెయ్. ఈ వయసులో స్టేషన్లు, కేసులు నీకెందుకు చెప్పు. రెస్ట్ తీసుకో."

"నా నవల పోయిందిరా."

"డాక్టర్ గారు ఏమన్నారు? జ్ఞాపకం విషయంలో జాగ్రత్తగా చూసుకోమన్నారుగా." అతను ఆవిడ చెయ్యి నిమిరాడు. "వచ్చే ఆదివారం పల్లంరాజు గారిని తీసుకొస్తాను. చిన్న కాగితం రాసిచ్చెయ్. నిశాంత్ మీద నాకు అభ్యంతరం లేదని. గొడవ వదిలిపోతుంది."

అతను వెళ్ళాక నాగదుర్గ చాలాసేపు గోదావరి వైపు చూస్తూ కూర్చుంది. అలిసిపోయింది. ఆ కాగితం రాసిచ్చేస్తే రేపట్నుంచి తననెవరూ పిచ్చిదానిలా చూడరు.

మర్నాడు గేటు దగ్గర రాణి పిలిచింది. రోజూ చేపల తట్టతో వచ్చేదే.

"అమ్మగారూ, పండుగప్ప ఉందండి. మొన్నటిలాగే కొయ్యమంటారా?"

"ఆ. తల ఉంచు, తోక..."

నాగదుర్గ ఆగిపోయింది.

రాణి కత్తిపీట ముందు కూర్చుని తలెత్తి చూసింది. "తోక వద్దంటారు. ముక్కలు పెద్దవి కొట్టమంటారు. ఎప్పుడూ అదే కదండీ."

"రాణీ, నువ్వు కాసేపు ఇక్కడే కూర్చో," అంది నాగదుర్గ. వెంటనే హేమశ్రీకి ఫోన్ చేసింది.

*

ఆదివారం వరండాలో కుర్చీలు వేయించింది. పల్లంరాజు, సురేంద్ర కారు దిగారు. కాగితం టైపు చేయించి తెచ్చారు. లోపలికి రాగానే ఎస్సై ఏసుపాదాన్ని చూసి ఆగారు. హేమశ్రీ, రాణి కూడా ఉన్నారు.

"వీళ్ళంతా ఎందుకత్తా?" అన్నాడు సురేంద్ర.

"కూర్చోరా. నా నవలల్లో ఆఖరి చాప్టర్ ఇలాగే ఉంటుంది. నీకు తెలీదులే, నువ్వు చదవలేదు."

నాగదుర్గ సైగ చేసింది. హేమశ్రీ ఆవిడ ఫోన్ తీసుకుని అందులోని రికార్డింగ్ పెట్టింది. తొమ్మిదో చాప్టర్. నాగదుర్గ గొంతు నిదానంగా కథ చెబుతోంది. దూరంగా గేటు చప్పుడు, ఎవరో పిలిచిన అలికిడి. తర్వాత నాగదుర్గ గొంతే గట్టిగా: "తల ఉంచు. తోక వద్దు. ముక్కలు పెద్దవి కొట్టు."

ఎస్సై ముందుకి వంగాడు. "ఎవరితో అంటున్నారండీ?"

"నాతోనండి," అంది రాణి. "పండుగప్ప కోయించుకున్నారండి."

రాణి మాటకి పల్లంరాజు నవ్వబోయి మానుకున్నాడు.

"నేను రాయని మాటలే నన్ను కాపాడాయి," అంది నాగదుర్గ. "నా వరండాలో నేను చేప కోయించుకున్న మాటలు నిశాంత్ ముఠా నాయకుడి నోట్లోకి ఎలా వెళ్ళాయి? కథ నా దగ్గర్నుంచే వెళ్ళింది. ఇప్పుడు ఎవరు తీసుకెళ్ళారో చూద్దాం. హేమశ్రీ, ఈ మాటల్ని నువ్వేం చేశావు?"

"తీసేశానండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను కదా, చేప సంగతని తెలిసిపోయింది. అప్పుడు నవ్వుకున్నాను, తర్వాత మర్చేపోయాను."

"హేమశ్రీ దొంగైతే ఆ మాటలు కథలో ఉండవు. పల్లంరాజు గారికి వెళ్ళింది హేమశ్రీ టైపు చేసిన కాగితాలు. వాటిలోనూ ఆ మాటలు లేవు. కాబట్టి ఆయనా కాదు."

"మరెవరండీ?" అన్నాడు ఎస్సై.

"దొంగ దగ్గర నా రికార్డింగులున్నాయి. కానీ వాడు వాటిని వినలేదు. మెషీన్‌కి ఇచ్చి టైపు చేయించుకున్నాడు. రాణి దూరంగా ఉంది, ఆమె మాటలు మెషీన్‌కి అందలేదు. నా మాటలు అందాయి. కథేదో చేపేదో దానికేం తెలుసు?" ఆవిడ సురేంద్ర వైపు తిరిగింది. "నా ఫోన్‌లో చెప్పినవన్నీ ఎవరి అకౌంట్‌కి బ్యాకప్ అవుతున్నాయిరా?"

సురేంద్ర తను తెచ్చిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వే పెట్టావు కదా. పోకుండా ఉంటాయన్నావు."

"యాప్ వాళ్ళ జవాబు రేపొస్తుంది," అన్నాడు ఎస్సై. "నిశాంత్ అకౌంట్ ఎవరిదో అందులో ఉంటుంది. ముందే చెప్పేస్తే మీకే మంచిది సార్."



"నేనూ పదేళ్ళు రాశానత్తా," అన్నాడు సురేంద్ర చివరికి. "ఒక్కడూ వెయ్యలేదు. నీ నవల అచ్చయినా ఇప్పుడెవరు చదువుతారు? నేను పెడితే అంతమంది విన్నారు."

"అంతమంది విన్నార్రా. నువ్వొక్కడివే వినలేదు." అంది నాగదుర్గ. "పడిపోయిన చేత్తో, తిరగని నాలుకతో, ఒక్కో వాక్యం నాలుగుసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారి విన్నా ఆ చేప సంగతి తెలిసేది. నవల పోతే పోయింది, ఇంకోటి రాసుకునేదాన్ని. నాకు మతి పోయిందని నన్నే నమ్మించబోయావు చూడు, అది క్షమించను."

"అత్తా, నాన్న పరువు పోతుంది. ఉద్యోగం పోతుంది. కంప్లైంట్ వెనక్కి తీసుకో."

"తీసుకోను."

పల్లంరాజు గొంతు సవరించుకున్నాడు. "పొరపాటైపోయిందండి. రేపే ప్రింటింగ్ మొదలెడతాను. అట్ట మీద 'నాగదుర్గ గారి చివరి నవల' అని వేస్తే బాగా వెళ్తుంది."

"చివరిదని మీకెవరు చెప్పారు? ఆ మాట ఉంటే కాగితాలు వెనక్కి పంపించండి. వేరేవాళ్ళకి ఇస్తాను."

ఆయన తలొంచుకున్నాడు.

సురేంద్ర పేరు చేర్చి ఎస్సై కంప్లైంట్ మళ్ళీ రాశాడు. సంతకం కోసం ఆవిడ ముందు పెడుతూ ఇంక్‌ప్యాడ్ తీశాడు. "చెయ్యి ఇబ్బంది కదండీ. ఎడమ వేలిముద్ర వేసినా సరిపోతుంది."

నాగదుర్గ కాగితం మీదకి వంగి చదివింది. వృత్తి అన్నచోట 'గృహిణి' అని ఉంది.

"పెన్నివ్వండి," అంది.

ఎడమచేత్తో పట్టుకుంది. 'గృహిణి' మీద అడ్డంగా గీత కొట్టింది. పైన ఒక్కో అక్షరమే పెట్టసాగింది. అక్షరాలు వంకర్లు పోయాయి, ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. సురేంద్ర సాయం చెయ్యబోతే మోచేత్తో తోసేసింది. అందరూ నిలబడి చూస్తున్నారు. ఆవిడ తొందరపడలేదు.

'డిటెక్టివ్ నవలా రచయిత్రి' అని పూర్తిచేసి, కింద తన పేరు రాయడం మొదలుపెట్టింది.