సీమ మిల్లుకు చింతపండు

"ఎవరు చేసినారీ పని?"

ఫిట్టరు మౌలా అరిచిన అరుపుకు షెడ్డు మీది కాకులు లేచిపోయాయి. నూర్జాన్ మాత్రం చేతిలోని చింతపండు పిప్పి పారేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని ముందుకొచ్చింది.

"నేనే. బాగుండాదా?"

బాగానే ఉంది. అదే అతని ఏడుపు.

దొరల సీమలో మూతపడిన ఇనుప కమ్మీల మిల్లును ఊడదీసి, ఓడెక్కించి, మద్రాసు నుంచి లారీల్లో నాయుడుపేటకు తెచ్చారు. ఏ ముక్క పక్కన ఏది రావాలో తెలిసేలా అక్కడి పనివాళ్ళు అన్నిటి మీదా తెల్లరంగుతో నంబర్లు వేసి పంపారు. ప్లాను కాగితాలు ఓడలోనే తడిసి ముద్దయ్యాయి. ఇక మిగిలినవి నంబర్లే.

తుప్పు తుడవడానికి కూలికి పిలిచిన ఆడవాళ్ళలో నూర్జాన్ ఒకతె. గిన్నెలకు కళాయి వేసే అబ్దుల్ రజాక్ కూతురు. ఆ ఇంట్లో ఏ గిన్నె చేతికొచ్చినా ముందు చింతపండు, ఇసుక పెట్టి మెరిసేదాకా తోమాల్సిందే. పళ్ళచక్రాల గుట్టంతా అలాగే తోమేసింది. ఒక్క నంబరూ మిగల్లేదు.

"శుక్రవారానికి మిల్లు తిరక్కపోతే నా ఉద్యోగం పోతాది, తెలుసా?"

"అంత చదువుకున్నోళ్ళు తోమితే పోయే రంగుతో రాసినారా?"

"నీలాంటిది ఇక్కడ కాచుకోనుందని వాళ్ళకేం తెలుసు!"

"అయినా వాళ్ళు పారేసింది మనకెందుకంట?"

"పారెయ్యలేదు. అక్కడ కూలి పెరిగింది, బొగ్గు పిరమైంది, గిట్టక అమ్ముకున్నారు. వాళ్ళకది ముసలిది. మనకు కొత్త కోడలు."

"కొత్త కోడలికి మొహం కడిగితే తప్పా?"

మౌలాకు నవ్వొచ్చింది. కోపంలో ఉన్నానని గుర్తొచ్చి మింగేశాడు. అతని కళ్ళ కింద నలుపు చూశాక నూర్జాన్‌కూ నవ్వు పోయింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి చక్రాల మధ్య గొంతుక్కూర్చుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో పది ఇళ్ళ గిన్నెలు ఒకేసారి కళాయికి వస్తాయి. మూతలు కలిసిపోతే నాయన అంచులు తడిమి చూస్తాడు. ఏళ్ళ తరబడి ఒరుసుకున్న గిన్నె, మూత ఒకే తీరున అరిగి ఉంటాయి.

"ఇట్టా రా ఫిట్టరూ. ఈ పంటి మీద నొక్కు చూడు. దీన్ని కొరికింది ఆ చక్రమే."

మౌలా రెండిటినీ జత చేసి తిప్పాడు. పన్ను పంటిలో కూర్చుంది.

నాలుగు రోజులు ఆమె జతలు వెతికింది, అతను ఉలితో నంబర్లు చెక్కాడు.

"ఈసారి తోము చూద్దాం!"

"అడగొద్దు, తోమేస్తా."

ఒక హ్యాండిల్ దగ్గర ఆమె ఆగింది. ఇనుము మీద వేళ్ళు పట్టిన చోట పల్లం పడింది. అందులో తన చెయ్యి పెడితే సగానికి కూడా రాలేదు.

"ఎంత పెద్ద చెయ్యో. పాపం, ఆయనిప్పుడేం చేస్తుండాడో?"

మౌలా కూడా తన చెయ్యి పెట్టి చూశాడు. అతనిదీ చాలలేదు.

శుక్రవారం మిల్లు తిరిగింది. ఎర్రగా కాలిన కమ్మీ పాములా జారుకుంటూ వచ్చింది. మౌలా ఉద్యోగం నిలిచింది. తుప్పు తుడిచే పని అయిపోయింది కాబట్టి నూర్జాన్ ఇంటికి పోయింది.

ఆ తర్వాత మౌలా ఇత్తడి గిన్నెకు మాటిమాటికీ కళాయి కావాల్సి వచ్చింది.

"ఏంది మౌలా, వారంలో మూడోసారి!" అన్నాడు అబ్దుల్ రజాక్. "దీంట్లో అన్నం తింటావా, ఇసుక తింటావా?" గిన్నె తిరగేసి ఆగిపోయాడు. అడుగున కొత్తగా చెక్కిన అక్షరాలు. నూర్జాన్.

"పేరు కొట్టిన గిన్నె పెళ్ళి సామాన్లో గదా ఉండాల్సింది?"

"అందుకే తెచ్చినా," అన్నాడు మౌలా, నేల చూస్తూ.

రజాక్ కాసేపు కొలిమి తిత్తి ఊదాడు. ఊదాల్సిన పనేమీ లేదక్కడ.

"నూర్జానా! ఇట్టా రామ్మా. ఈ పేరు నిలిచేదో పోయేదో చూసి చెప్పు. నిలిస్తే వీళ్ళమ్మను రమ్మందాం."

నూర్జాన్ మౌలా వైపు చూడకుండా గిన్నె అందుకుంది. చింతపండు, ఇసుక తెచ్చుకుంది. గట్టిగా తోమింది. మౌలాకు చెమటలు పట్టేదాకా తోమింది. కడిగి, ఎండకు తిప్పి చూసింది.

"పోలేదు నాయనా."