గడియ లేని ఇల్లు

వడ్రంగి వచ్చేసరికి ఆమె ఇంకా పళ్లు తోముకుంటోంది. మేడ మీది గదికీ స్నానాలగదికీ లోపలివైపు గడియలు బిగించాలని నిన్ననే ఫోన్ చేసి చెప్పింది. నాన్న పోయి వారమైంది. అమ్మకు తోడుగా నెలరోజులైనా ఉండాలంటే, ముందు ఈ ఇంట్లో తలుపేసుకునే వీలుండాలి.

వడ్రంగి ఇల్లంతా తిరిగి చూశాడు. "ఏంటమ్మా, ఒక్క గదికీ గడియ లేదు? దొంగలకు శ్రమెందుకని వదిలేశారా?"

"వీధి తలుపుకి తాళం ఉంది. దొంగలకంటే మాకే మర్యాద తక్కువ" అంది.

ఆమెకు ఊహ తెలిసినప్పటినుంచీ అంతే. స్నానానికెళ్తే లోపల మనిషి ఉన్నట్టు తెలిసేలా పాడుతూ ఉండాలి. పాటలు అయిపోతే ఎక్కాలు. పదమూడో ఎక్కంలో అన్నయ్య తప్పినప్పుడల్లా అమ్మ వంటింట్లోంచే దిద్దేది. ఏ స్నేహితురాలూ ఆ ఇంటికి రెండోసారి వచ్చేది కాదు.

నాన్న బస్సు డిపోలో మెకానిక్. షిఫ్టు దిగేముందు ప్రతి బస్సు వెనక తలుపూ తెరిచి, మూసి చూస్తేగానీ చేతులు కడుక్కునేవాడు కాదు. తోటివాళ్లు 'తలుపులాయన' అని పేరు పెట్టారు. యుద్ధం ముగిశాక, పదిహేనేళ్ల వయసులో ఒంటరిగా ఓడెక్కి ఈ దేశం వచ్చినవాడు. పరాయి సైన్యం వాళ్ల ఊళ్లో తిష్ఠ వేసిన రోజుల గురించి పిల్లలకు చెప్పినవన్నీ నవ్వు కథలే. ఉయ్యాల్లో దాచిన కోడిపెట్ట సోదాకొచ్చిన సైనికుడి ముందే అరిచిందట. వాడు పసిబిడ్డ లేచిందనుకుని మునివేళ్ల మీద బయటికి నడిచాడట. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఆయన మెల్లగా లేచి వెళ్లిపోయేవాడు. ఎక్కడికో ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆమెకు పదిహేడేళ్లప్పుడు, నిద్రలో మెలకువ వచ్చి కళ్లు తెరిస్తే గుమ్మంలో ఆయన నిలబడి ఉండేవాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. చివరికి ఒక పొద్దున ఆమె ఒక మాట అంది. ఆయన తల దించుకుని డిపోకి వెళ్లిపోయాడు. ఆ వారమే ఆమె హాస్టల్లో చేరింది. తర్వాత ఉద్యోగం, పెళ్లి. ఈ ఇంటికి రావడం చుట్టపుచూపయింది. ఆ మాట తమ ఇద్దరికే తెలుసని ఇరవై ఏళ్లుగా నమ్మింది. అప్పుడప్పుడు దాన్ని బయటికి తీసి, తప్పేం లేదని తేల్చుకుని, మళ్లీ లోపల దాచుకునేది. ఆయన పోయినా ఏడుపు రాకపోతే, ఎందుకొస్తుంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

డ్రిల్లింగ్ మిషన్ చప్పుడుకి అమ్మ మెట్లెక్కి వచ్చింది.

"ఆపు బాబూ. ఆయన పక్కబట్టలు ఇంకా ఉతకనైనా లేదు. అప్పుడే గడియలా?"

"నువ్వు అలవాటు పడ్డావమ్మా. నేను పడలేదు. ఎవరు ఎప్పుడొచ్చి నిలబడతారో తెలియని గదిలో పెరగడం ఎలా ఉంటుందో నీకేం తెలుసు?"

"తెలుసు. 'నీ చూపు పడితే ఒళ్లు కంపరమెత్తుతోంది' అన్నావు. వంటింట్లోకి వినిపించింది."

ఆమె గోడకు ఆనుకుంది. వడ్రంగి మిషన్ కింద పెట్టి, చేసేదేం లేక మేకులు ఏరుకోసాగాడు.

అమ్మ మెట్ల మీద కూలబడి, ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. ఊళ్లో సైన్యం ఉన్న రోజులు. ఆయనకప్పుడు పదకొండేళ్లు, చెల్లెలికి ఆరు. తల్లి ఊళ్లోకి వెళ్లింది. వీధి చివర సైనికులు కనపడగానే చెల్లెల్ని లోపలిగదిలో పెట్టి, నేనొచ్చి పిలిచేదాకా గడియ తియ్యకు అని చెప్పి, తల్లిని వెతకడానికి పరుగెత్తాడు. సైనికులు ఆ ఇళ్ల వరసంతా తగలబెట్టారు. తిరిగొచ్చి పిలిచాడు. పిల్ల మాట వింది, గడియ లాగింది. వేడికి అది బిగుసుకుపోయింది. ఇవతలినుంచి తోస్తూనే ఉన్నాడు. అవతల అన్నా అన్నా అని పలికిన పిల్ల, కాసేపటికి పలకడం మానేసింది.

"మీ గుమ్మాల్లో నిలబడింది చూడ్డానికి కాదే. ఊపిరి వినడానికి."

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"చెబుతానంటే కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ఈ ఇంట్లో నిద్రలేనివాణ్ని నేనొక్కణ్ని చాలు, నన్ను అసహ్యించుకునైనా దాన్ని పడుకోనీ అన్నాడు."

వడ్రంగి సంచి సర్దుకోబోయాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండు. నా గదికి బిగించు. ఇన్నేళ్ల కాపురంలో తలుపేసుకుని తనివితీరా ఏడ్చింది లేదు, ఆయన హడలిపోతాడని."

అమ్మ గదికి గడియ బిగిసింది. వడ్రంగి వెళ్లాక అమ్మ లోపలికెళ్లి గడియ వేసుకుంది. ఏడుపు మొదలైంది. వారం రోజుల ఏడుపు కాదు, ఎన్నో ఏళ్లది. ఆమె బయటే కూర్చుని వింది. ఉన్నట్టుండి అది ఆగిపోయింది.

"అమ్మా."

జవాబు లేదు. లోపల ఏమీ కాలేదని ఆమెకు తెలుసు. కిటికీ ఉంది, పట్టపగలు. బుద్ధికి తెలుసు, చేతులకు తెలియడం లేదు. లేచి తలుపు తోసింది. కదల్లేదు. "అమ్మా, పలకమ్మా." అరచేతులతో బాదింది. భుజంతో తోసింది. చెక్కకు చెవి ఆనించి ఊపిరి కోసం వెతికింది. "పలకమ్మా, ఒక్కసారి పలుకు."

గడియ కదిలింది. తలుపు తెరుచుకుంది. "ఇక్కడే ఉన్నానే" అంది అమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

ఆమె అమ్మ మీద పడిపోయింది. ఇన్నాళ్లూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది.

"నాన్నకి ఎవరూ తలుపు తియ్యలేదమ్మా" అంది.