లాంచీ పోయినంక వచ్చే అల

లాంచీ వచ్చింది. పాటలు పెట్టుకుని, హారన్ కొట్టుకుని, దర్జాగా వెళ్ళిపోయింది. అల ఆ తర్వాత వచ్చింది.

అసలు దుర్మార్గం అదే. అల ఎప్పుడూ లాంచీ మలుపు తిరిగేదాకా ఆగి వస్తుంది. తిడదామంటే ఎదురుగా మనిషుండడు.

వీపనగండ్ల అవతల, కృష్ణ ఒడ్డున, ఇస్రాయేలు ఆ ఉదయమే తన పుట్టికి కొత్తగా తారు పూసి బోర్లించి ఆరబెట్టాడు. వెదురు బద్దలతో అల్లిన ఆ గుండ్రటి పడవే ఆ ఇంటికి అన్నం పెడుతుంది. అది నీళ్ళ మీదికి వెళ్తేనే వల పడుతుంది. వలలో చేపలుంటేనే కూతురు కృప స్కూటీ మీద ఊరూరా తిరిగి అమ్ముకొస్తుంది. ఆ పుట్టిని అల ఎత్తి బండకేసి కొట్టింది. బద్దలు పెళపెళమని విరిగాయి.

ఇస్రాయేలు తల పట్టుకుని కూర్చున్నాడు. కృప మాత్రం ఆ అలకు తడిసిన బట్టలతోనే స్కూటీ ఎక్కి లాంచీ ఆగే రేవుకు వెళ్ళింది.

రెండంతస్తుల టూరిస్టు లాంచీ మెట్ల మీద ఒక కుర్రాడు టీ తాగుతున్నాడు. పేరు సాంసన్. ఖిల్లా ఘణపూర్ వాడు.

"లాంచీ నడిపేది నువ్వేనా?"

"అవును మేడం. టికెట్ కౌంటర్ ఆడుంది."

"టికెట్ నీ నెత్తిన పెట్టుకో! మా పుట్టి ఇరగ్గొట్టి చాయ్ తాగుతున్నవా?"

సాంసన్ గ్లాసు కింద పెట్టాడు. "నేనా? మీ పుట్టిని నేను తాకనే లేదు. జర దూరంగనే పోయిన."

"నువ్వు తాకలే. నీ అల తాకింది."

"అలదేముంది మేడం? నీళ్ళు కదలవా?"

కృపకు ఒళ్ళు మండిపోయింది. "ఎప్పుడన్న ఎనకకు తిరిగి సూసినవా?"

"సూడను." ఆ మాట కాస్త గర్వంగానే అన్నాడు. "మా నాయిన నాగలి కొట్టేటోడు. ఎనకకు సూస్తే సాలు వంకర పోతదని చెప్పిండు. ఎదురుంగ ఒక గురుతు పెట్టుకోవాలె, దాని మీదనే కన్నుండాలె. లాంచీ గూడ గట్లనే నడుపుత."

"ఇది చేను గాదు, ఏరు! దున్నిన చేన్ల ఎవలన్న మునుగుతరా? రేపు లాంచీ ఇంకొకరికిచ్చి, నువ్వొచ్చి మా ఒడ్డున నిలబడు. మొగోనివైతే రా!"

వచ్చాడు. రెండో డ్రైవర్ వెంకటన్నకు లాంచీ అప్పగించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. ఎక్కడ నిలబడాలో కృప వేలితో చూపించింది. ఆమె తల్లి ఎస్తేరమ్మ నీళ్ళలో గిన్నెలు తోముతోంది. పక్కింటి ముసలి ఈదమ్మ బిందె ముంచుతోంది.

లాంచీ వచ్చింది, పోయింది. ఒడ్డు నీళ్ళు ఒక్కసారిగా వెనక్కి గుంజుకుపోయాయి. బురద తేలి, చిన్న చేపలు ఎగిరెగిరి పడ్డాయి.

"గింతేనా?" అని సాంసన్ నవ్వాడు.

"ఆగు," అంది కృప.

అల వచ్చింది. వెంట ఇంకోటి, దాని వెనక ఇంకా పెద్దది. గిన్నెలు కొట్టుకుపోయాయి. వల కట్టిన గుంజలు ఊడిపోయాయి. ఈదమ్మ బిందెతో సహా పడిపోయింది. ఆమెను లేపబోయిన సాంసన్ కూడా బోర్లా పడి, నోటి నిండా బురదతో లేచాడు. ముసలమ్మ మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది.

"సచ్చినోడా, ఏం పాపం చేసిన్రా నీకు?" అని ఈదమ్మ వెళ్ళిపోయిన లాంచీని తిట్టింది. ఆ తిట్టు తనదేనని సాంసన్‌కు అర్థమైంది. ముఖం వాడిపోయింది.

"గిదంత నేనే చేస్తున్ననా?"

"రోజుకు నాలుగు సార్లు. నువ్వొచ్చిన కాడి నుంచి."

"తెల్వదు కృపా. ఒట్టు, నిజంగ తెల్వదు."

"నా పేరెట్ల తెల్సింది?"

"రేవుల అడిగిన," అని సాంసన్ నసిగాడు. కృపకు అనుమానం వచ్చింది. "ఏరు గింత ఎడల్పుంది. అవతలి ఒడ్డుంది, నడిమిట్ల లోతుంది. మా ఒడ్డుకే ఎందుకొస్తవు?"

"గురుతు పెట్టుకున్ననని చెప్పిన గదా."

"ఏంది గురుతు?"

"పసుపు చున్నీ."

కృప తన చున్నీ వైపు చూసుకుంది. చెవులు వేడెక్కాయి. సిగ్గు వచ్చినందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"అంటే నన్ను సూడనీకి వచ్చి మా బువ్వ ముంచినవా? దీన్ని ఇష్టమంటరా? నిజంగ ఇష్టముంటే దూరం జరుగు. నడిమిట్ల పో, నిమ్మలంగ పో!"

"నడిమిట్ల పోతే నువ్వు కనపడవు."

"కనపడకపోతే సచ్చిపోవు!"

మర్నాడు లాంచీ ఏటి నడుమ, పెళ్ళివారి ఎద్దుల బండిలా మెల్లగా వెళ్ళింది. అల వచ్చి కృప పాదాలు తడిపి పోయింది. జనం ఒడ్డు చూడటానికే వస్తారని ఓనర్ మండిపడ్డాడు. "అయితే వేరే డ్రైవర్‌ను సూసుకోండ్రి సార్, నేను పోను," అన్నాడు సాంసన్. ఓనర్ సణుక్కుంటూ ఊరుకున్నాడు.

సాంసన్‌కు సోమవారం సెలవు. ఆ రోజు వెదురు బద్దలు మోసుకుని ఇస్రాయేలు దగ్గరికి వచ్చేవాడు. "అంకుల్, పుట్టి నేను అల్లుత. మీరు చెప్పుండ్రి." చేతులు కోసుకున్నాడు, అల్లిక తప్పి విప్పాడు, మళ్ళీ అల్లాడు. కృప మజ్జిగ తెచ్చి ఠక్కున కింద పెట్టి వెళ్ళేది. కానీ మిగతా ఆరు రోజులూ నడి ఏట్లో పోయే లాంచీని చూసి విసుక్కునేది. గింత దూరం పొమ్మని ఎవరన్నారు? మనిషి ముఖమైనా కనపడొద్దా?

నాలుగో సోమవారానికి పుట్టి తయారైంది. అల్లినవాడే మొదట ఎక్కాలని అక్కడి ఆనవాయితీ.

"ఎక్కు పిలగా," అన్నాడు ఇస్రాయేలు. "బిడ్డా, నువ్వు తెడ్డు పట్టు. ఈనికి తెల్వదు."

ఇద్దరూ ఏట్లోకి వెళ్ళారు. సాంసన్ తాను అల్లిన బద్దల్ని ఒక్కొక్కటే తట్టి చూసుకుంటున్నాడు. అంతలో హారన్ మోగింది. వెంకటన్న ఆ రోజు లాంచీని ఒడ్డు పక్క నుంచే, ఫుల్ స్పీడులో తెస్తున్నాడు.

"గట్టిగ పట్టుకో!" అని కృప పుట్టిని అలకు ఎదురు తిప్పింది. పుట్టి లేచింది, పడింది, గిర్రున తిరిగింది. సాంసన్ తడిసి ముద్దై, తూలుతూనే లేచి నిలబడ్డాడు.

"ఓ వెంకటన్నా! కండ్లు నెత్తికెక్కినయా? ఒడ్డున మనుషులున్నరు, ముసలోల్లున్నరు! మా పుట్టి నీకు ఆటైందా? ఆపు! రేపు నువ్వు ఈడొచ్చి నిలబడాలె! రాకపోతే గుంజుకొస్త, సెప్తున్న!"

లాంచీ మెల్లబడింది. పైనుంచి వెంకటన్న బిత్తరపోయి దండం పెట్టి, నడి ఏటికి తిప్పాడు. సాంసన్ ఇంకా ఊగిపోతూనే ఉన్నాడు. 'మా పుట్టి' అన్నాడని కృప అప్పటికే గమనించింది. ఆమెకు అతను ఎంతో నచ్చాడు. ఆ సంగతి తనకు తాను చెప్పుకోవడానికి ఇక మొహమాటపడలేదు.

ఒడ్డున ఇస్రాయేలు అంతా విన్నాడు. పుట్టి ఒడ్డుకు రాగానే భార్యతో గట్టిగానే అన్నాడు.

"ఎస్తేరూ, ఈనికి మన ఒడ్డోల్ల కోపం వచ్చింది. పిల్లనియ్యొచ్చు."

"నన్నడగకుండ ఎట్లిస్తవు నాయినా?" అని కృప తెడ్డు ఇసుకలో విసిరికొట్టింది.

"సరే, అడుగుతున్న. ఇయ్యాల్నా, వద్దా?"

"ఇయ్యి!" అంది కృప, అంతే కోపంగా.